సాంకేతిక లోపం అనగా ఎవరి లోపం?

(ఫైనలియర్, మెకానికల్ బ్రాంచి)

"సాంకేతిక లోపం వల్ల విమానం అదుపు తప్పింది."

పత్రికల్లో ఈ వాక్యం చదవని వాళ్ళుండరు. చదువుతాం, అయ్యో పాపం అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. ఎందుకంటే ఆ వాక్యం అయ్యాక ఇక అడగడానికేమీ మిగిలినట్టు అనిపించదు. మనిషి తప్పు చేశాడంటే కోపం వస్తుంది, నిలదియ్యాలనిపిస్తుంది. యంత్రం తప్పు చేసిందంటే ఎవరిమీద కోప్పడతాం? పూర్వం పెద్దలు "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక?" అని నిట్టూర్చి ఊరుకునేవారు. మనం నాలుగక్షరాలు చదువుకున్నవాళ్ళం గనక అదే నిట్టూర్పును కాస్త మర్యాదగా "సాంకేతిక లోపం" అంటున్నాం. అంతే తేడా!

మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థిగా నాకు ఈ మాటమీద ఒక అభ్యంతరం ఉంది. నాలుగేళ్ళుగా యంత్రాల గురించే చదువుతున్నాను. తనంతట తాను తప్పు చేసే యంత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించలేదు. బోల్టు వదులైందంటే దాన్ని బిగించని చెయ్యి ఒకటుంటుంది. పైపు కారిందంటే ఆ కారడం చూసి కూడా రాయని కలం ఒకటుంటుంది. చెయ్యీ, కలమూ రెండూ సరిగ్గానే ఉన్నాయనుకుందాం. అప్పుడు ఆ డిజైను గీసిన బల్ల ఒకటుంటుంది. పాతబడిపోయిందని తెలిసినా కొత్తది కొననివ్వని ఫైలు ఒకటుంటుంది. ఈ నలుగురినీ వదిలేసి నోరులేని ఇనుముమీద నేరం మోపడం న్యాయమేనా? ఇదీ నా ప్రశ్న.

దీనికి ఉదాహరణగా చిన్న విమానాలను, అందులోనూ అవి నేలకు దిగే సమయాన్ని తీసుకుంటున్నాను. కారణం ఉంది. పెద్ద విమానంలో ఒకటి చెడితే ఆదుకోవడానికి ఇంకోటి ఉంటుంది. రెండు ఇంజన్లు, రెండు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలు, ఇద్దరు పైలట్లు. రెండు సీట్ల, నాలుగు సీట్ల విమానంలో అలా కాదు. ఒక్క ఇంజను, చాలాసార్లు ఒక్క పైలటు, ఆ పైలటు కూడా నిన్న మొన్న నేర్చుకోవడం మొదలుపెట్టిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడో, అమ్మాయో కావచ్చు. అక్కడ నేలమీద ఎవరో మరిచిపోయిన ఒక్క నట్టు ఆకాశంలో దాక్కోవడానికి చోటుండదు.

మన తెలుగువాళ్ళకు చిన్న విమానం అనగానే ముందుగా గుర్తుకొచ్చేది 2004 ఏప్రిల్ 17. ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయలుదేరిన సెస్నా 180 విమానం బెంగళూరు జక్కూరు నుంచి లేచిన కాసేపటికే కూలిపోయి, నటి సౌందర్యతో సహా నలుగురు చనిపోయారు. ఆ తర్వాత చాలాకాలం మన ఇళ్ళల్లో "చిన్న విమానమా, వద్దు బాబోయ్" అనే మాట వినిపించింది. అది విమానం లేస్తున్నప్పటి సంగతి. దిగుతున్నప్పటి సంగతి ఇంకోరకంగా ఉంటుంది.

ఆకాశంలో ఎత్తు అంటే చేతిలో పైకం లాంటిది. సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానాన్ని తీసుకుందాం. ప్రపంచంలో ఎక్కువమంది పైలట్లు ఓనమాలు దిద్దుకున్న విమానాల్లో అదొకటి. దాని ఇంజను గాలిలో ఆగిపోతే, చాలామంది అనుకున్నట్టు అది రాయిలా పడిపోదు. గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగం నిలుపుకుంటే, ఒక అడుగు కిందికి దిగేలోపల దాదాపు 9 అడుగులు ముందుకు జారుతుంది. అంటే 5,000 అడుగుల ఎత్తులో ఇంజను ఆగితే పదమూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఇంచుమించు ఏడు నిమిషాల సమయం పైలటు చేతిలో ఉంటాయి. పొలం వెతుక్కోవచ్చు, రేడియోలో మాట్లాడవచ్చు, ఇంజను మళ్ళీ తిప్పి చూడవచ్చు. అదే దిగబోతూ 300 అడుగుల దగ్గర ఆగితే? పాతిక సెకన్లు! మీరు ఈ పేరా చదవడానికి పట్టినంత సమయం కూడా లేదు.

పోనీ దిగేటప్పుడు యంత్రానికి పని తక్కువ గదా, అప్పుడెందుకు చెడుతుంది అంటారేమో. చిన్న ఇంజన్ల విషయంలో తమాషా అక్కడే ఉంది. దిగడానికి పైలటు థ్రాటిల్ తగ్గిస్తాడు. కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్లో సగం మూసుకున్న ఆ సందులోంచి దూరే గాలీ, ఆవిరయ్యే పెట్రోలూ కలిసి చుట్టూ ఉన్న లోహాన్ని చల్లబరుస్తాయి. గాలిలో తేమ బాగా ఉంటే అక్కడ మంచు కట్టేస్తుంది. బయట 20 డిగ్రీల వేడి ఉన్నా కట్టగలదు! ఆ మంచు ఇంజను గొంతు నొక్కేస్తుంది. దానికి విరుగుడుగా లోపలికి వేడిగాలి పంపే మీట ఒకటి పైలటు ముందే ఉంటుంది. లాగితే మంచు కరుగుతుంది. అయితే ఆ మీటకు ఇంజను దాకా ఒక తీగ ఉండాలి గదా. అది తెగిందో లేదో నేలమీద చూడవలసినవాడు చూడకపోతే, పైన పైలటు ఎంత లాగినా వచ్చేది మీటే, వేడిగాలి కాదు. ఇప్పుడు చెప్పండి, ఇది మంచు తప్పా, తీగ తప్పా?

చక్రాల సంగతీ అంతే. ముడుచుకునే చక్రాలున్న విమానాల్లో మామూలుగా దిగేముందు మూడు పచ్చదీపాలు వెలగాలి, ఒక్కో చక్రానికి ఒక్కోటి. వెలగకపోతే చేత్తో పంపు కొట్టో, మీట తిప్పో చక్రాలు దించే ఏర్పాటు ఉంటుంది. అదీ పనిచెయ్యకపోతే చక్రాలు లేకుండా పొట్టమీద దించడమే గతి. అదృష్టమేమిటంటే చదునైన రన్‌వే ఉండి, పైలటు నిబ్బరంగా ఉంటే, పొట్టమీద దించిన చిన్న విమానంలోంచి మనుషులు చాలాసార్లు నడిచే బయటికొస్తారు.

2021 మే 6న అలాంటిదే జరిగింది. రోగిని తీసుకెళ్తున్న ఎయిర్ అంబులెన్సు, సి-90 అనే చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానం, నాగపూర్‌లో లేస్తుండగానే దాని చక్రం ఒకటి ఊడి కింద పడిపోయింది. కెప్టెన్ గాభరాపడకుండా విమానాన్ని ముంబాయి తీసుకెళ్ళాడు. అక్కడ రన్‌వే మీద నురుగు పరిచారు. చక్రాలు దించకుండా విమానాన్ని పొట్టమీద దించాడు. రోగితో సహా లోపలున్న ఐదుగురూ క్షేమం. మంత్రిగారితో సహా దేశమంతా ఆ కెప్టెన్ను మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే! ఆ చేతులకు ఎన్ని దండలు వేసినా తక్కువే.

కానీ నాకు ఇంకో సంగతి కూడా తోచింది. చక్రం ఊరికే ఊడదు. అది నాగపూర్ రన్‌వే మీద పడకముందు ఎవరో దాన్ని బిగించారు, ఎవరో పరీక్షించారు, ఎవరో కాగితంమీద సంతకం పెట్టారు. కెప్టెన్ ధైర్యం గురించి మనం మాట్లాడుకున్న మాటల్లో వందో వంతైనా ఆ చక్రం గురించి మాట్లాడుకున్నామా? కాపాడినవాడికి చప్పట్లు కొట్టడం మనకు బాగా తెలుసు. కాపాడవలసిన అవసరం రాకుండా చూసేవాడొకడుంటాడని మాత్రం మనకు తట్టదు.

అమెరికాలోనూ ఇదే కథ. 2002 అక్టోబరు 3న టెక్సాస్‌లో డల్లాస్ దగ్గర ఒక సిరస్ విమానం రిపేరు నుంచి వచ్చి గాలిలోకి లేచింది. కాసేపటికి ఎడమ రెక్క చివరన ఉండే ఐలరాన్, అంటే విమానాన్ని పక్కకు ఒరగనిచ్చే పలక, పూర్తిగా ఊడక ఒక్క కీలుమీద వేలాడింది. ఆ రకం విమానాల్లో విమానం మొత్తానికి ఒక పారాచూట్ ఉంటుంది. పైలటు దాన్ని విప్పాడు. విమానం విమానంగానే పారాచూట్‌కు వేలాడుతూ చెట్లలోకి దిగింది, ఆయనకు దెబ్బ తగల్లేదు. ఆ పారాచూట్ ఒక మనిషి ప్రాణం కాపాడడం అదే మొదటిసారి గనక అందరూ దాని గొప్పతనమే చెప్పుకున్నారు. మరి ఐలరాన్ ఎందుకు ఊడింది? రిపేరు కోసం విప్పినప్పుడు తీసిన కీలు బోల్టును మళ్ళీ పెట్టలేదు. ఒక్క బోల్టు! దీన్ని "సాంకేతిక లోపం" అనే డబ్బాలో వేసి మూత పెడితే ఆ బోల్టు గురించి ఇంకెవరు నేర్చుకుంటారు?

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డుపడతారని తెలుసు. "అసలు ప్రమాదాల్లో ఎక్కువ భాగం పైలట్ల పొరపాట్లే గదా! నువ్వు మెకానికల్‌వాడివి కాబట్టి అన్నిటికీ నట్లూ బోల్టులే కనిపిస్తున్నాయి" అంటారు. పైలట్ల పొరపాట్లే ఎక్కువన్నది నిజమే, ఒప్పుకుంటాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఊరికే పుట్టలేదు. అయితే కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడై ఉంటుంది; ఆ ఓటిమోత వింటూ ఆటగాడు తాళం తప్పుతాడు. అప్పుడు తప్పు ఆటగాడిదని రాసేసి, మద్దెలను అటకమీద పెట్టేస్తే ఎలా?

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒక పెద్ద విమానానిది. 1972 డిసెంబరు 29 రాత్రి న్యూయార్కు నుంచి మయామీ వచ్చిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ట్రైస్టార్ దిగబోతుండగా ముందు చక్రానికి సంబంధించిన పచ్చదీపం వెలగలేదు. చక్రం దిగిందా, లేదా? విమానాన్ని 2,000 అడుగుల ఎత్తుకు తీసుకెళ్ళి, ఆటోపైలట్‌కు అప్పగించి, కాక్‌పిట్‌లో అందరూ ఆ దీపం సంగతి చూడ్డంలో మునిగిపోయారు. ఈలోగా ఆటోపైలట్ ఎత్తు నిలపడం మానేసింది. విమానం మెల్లమెల్లగా కిందికి జారుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో కూలిపోయింది. లోపలున్న 176 మందిలో 101 మంది చనిపోయారు. తీరా చూస్తే ముందు చక్రం భేషుగ్గా దిగే ఉంది. మాడిపోయింది దీపంలోని బల్బు!

మన గడ్డమీది విషాదంలోనూ ఇలాంటి ముక్క ఒకటుంది. 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవిలో హెలికాప్టర్ కూలి అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారితో సహా ఐదుగురు చనిపోయారు. దర్యాప్తు సంఘం ప్రధాన కారణంగా చెప్పింది ప్రతికూల వాతావరణాన్నీ, హెలికాప్టర్ను కిందికి నెట్టేసిన బలమైన గాలినీ. అయితే అంతకుముందు ఆరు నిమిషాలకు పైగా పైలట్లు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక గురించి పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారని కూడా ఆ దర్యాప్తులోనే తేలింది. మబ్బుల్లో కొండలమీద ఎగురుతున్నవాడికి ఆరు నిమిషాలంటే ఎంత! యంత్రంలోని చిన్న నలుసు మనిషి కంట్లో పడితే, ఆ కన్ను చూడవలసిన పెద్ద కొండ కనిపించకుండా పోతుంది. కాబట్టి "యంత్రం తప్పా, మనిషి తప్పా" అని రెండు గళ్ళు గీసి ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టే అలవాటు మానుకోవాలి.

రెండో అభ్యంతరం మన మెకానికల్ మిత్రులనుంచే వస్తుంది. "లోహానికి అలసట అనేది ఉంటుంది, ఫెటీగ్ చాప్టర్ చదవలేదా? ఎవరి తప్పూ లేకుండానే విరుగుతుంది" అని. చదివాను. 1954లో రెండు కామెట్ విమానాలు గాలిలోనే విచ్చిపోయాక లోకమంతా ఆ చాప్టర్ చదివింది. కానీ ఆ చాప్టర్ చెప్పేదేమిటి? పగులు చాలావరకు ఒక్క రాత్రిలో రాదు. వెంట్రుకలో సగం మందాన మొదలై, ప్రతి ఎగురుడుకూ, ప్రతి దిగుడుకూ కాస్తకాస్త పాకుతుంది. విమానం దిగిన ప్రతిసారీ చక్రాల కాళ్ళమీద పడే దెబ్బ ఆ పగులుకు మేత. మన ల్యాబులోనే డై పెనెట్రెంట్ పరీక్ష ఉంది గదా! ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే, మామూలు కంటికి కనబడని పగులు ఎర్రటి గీతలా తేలుతుంది. అంటే లోహం కూడా చెప్పే చస్తుంది. చెప్పినప్పుడు వినడానికి ఎవరైనా అక్కడ ఉన్నారా అన్నదే ప్రశ్న.

వినకపోతే ఏమవుతుందో మనకు కూతవేటు దూరంలోనే తెలిసింది. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో మన వయసు కుర్రవాళ్ళు మొదట నేర్చుకునే విమానంగా చాలాకాలంపాటు హెచ్.పి.టి.-32, 'దీపక్' ఉండేది. మన దేశంలోనే హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌వారు తయారు చేసినది. 1977 జనవరిలో మొదటిసారి ఎగిరింది. ఒకే ఇంజను, పక్కపక్కన రెండు సీట్లు, ఒకటి గురువుది, ఒకటి శిష్యుడిది. పేరు చక్కటిదే. కానీ దానిమీద వచ్చిన పెద్ద ఫిర్యాదు ఇంజను గాలిలో ఆగిపోతుందని. ఆగిపోయినప్పుడు బలవంతాన పొలాల్లో దించాలి, దించడానికి తగినంత ఎత్తుండాలి, చదునైన చోటుండాలి. అన్నిసార్లూ అన్నీ ఉండవు గదా! 2009 జులై 31న మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు బోధకులు చనిపోయారు. ఆ తర్వాతే ఆ విమానాలన్నిటినీ నేలమీద నిలిపేశారు. అప్పటికి 17 దీపక్ ప్రమాదాల్లో 19 మంది పైలట్లు ప్రాణాలు కోల్పోయారని పత్రికలు రాశాయి.

ఆ 17 అనే అంకెమీద ఒక్క నిమిషం ఆగండి. మొదటిదాన్ని దురదృష్టం అనుకుందాం. రెండోదాన్ని కాకతాళీయం అనుకుందాం. మూడోది, ఐదోది, పదోది? ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఒక దర్యాప్తు జరిగే ఉంటుంది, ఒక నివేదిక రాసే ఉంటారు. యంత్రం పదిహేడు సార్లు చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఒక ఎత్తు. పదిహేడు సార్లు చేతులు కాలాక పట్టుకోవడం ఇంకో ఎత్తు! ఆ తర్వాతైనా వెంటనే వేరే విమానం వచ్చిందా అంటే, లేదు. 1964లో తొలిసారి ఎగిరిన పాత కిరణ్ జెట్ మీదే కుర్రవాళ్ళచేత ఓనమాలు దిద్దించవలసి వచ్చింది. స్విట్జర్లాండ్ నుంచి కొన్న పిలాటస్ విమానాలు దుండిగల్‌లో పనిలోకి దిగేసరికి 2013 అయింది. దేశానికి స్వదేశీ విమానం కావాలి, నేనూ అదే కోరతాను. కానీ స్వదేశీ అన్న గౌరవం దాని లోపాన్ని పైకి చెప్పకుండా ఆపే గుడ్డ కాకూడదు. మన బిడ్డ అని జ్వరం వచ్చినా థర్మామీటరు పెట్టకపోతే అది ప్రేమా?

మరి చెప్పేవాళ్ళు ఎందుకు చెప్పరు? వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. ఒక ఫ్లయింగ్ స్కూలును ఊహించుకోండి. కమర్షియల్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగిరి ఉండాలి. తండ్రి పొలం అమ్మో, బ్యాంకులో అప్పు తెచ్చో లక్షలు కట్టాడు. వానాకాలంలో సగం రోజులు ఎగరడమే కుదరదు. ఉన్న విమానాలు నాలుగు, నేర్చుకునేవాళ్ళు నలభైమంది. ఇవాళ దిగేటప్పుడు ముందు చక్రం కాస్త వణికినట్టు అనిపించింది. స్నాగ్ అని రిజిస్టర్లో రాస్తే రేపు ఆ విమానం షెడ్డులో ఉంటుంది, రేపటి వరసలో తనకూ, తన స్నేహితులకూ గంటలుండవు. రాయకపోతే ఏమీ కాకపోవచ్చు. నూటికి తొంభైతొమ్మిది సార్లు ఏమీ కాదు కూడా! అందుకని కుర్రాడు రాయడు. మెకానిక్కు మీద యజమాని ఒత్తిడి, యజమాని మీద బ్యాంకు ఒత్తిడి. షెడ్డులో నిలబడ్డ విమానం పైసా సంపాదించదు. ఇలా ఎవరి కారణం వారికి సబబుగానే కనిపిస్తుంది. ఆ సబబులన్నీ కలిసి ఒకరోజు రన్‌వే మీద చక్రంగా విరుగుతాయి.

మా పెద్దనాయన ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఒక పండుగ రద్దీలో బ్రేకు లైనింగు అరిగిపోయిన బస్సును "ఒక్క ట్రిప్పే గదా, పంపించు" అని పైవాళ్ళంటే ఫారం మీద సంతకం పెట్టలేదట. ఆరునెలల్లో దూరపు డిపోకు బదిలీ చేశారు. "ఒక్క సంతకం కోసం అంత కష్టం ఎందుకు తెచ్చుకున్నవ్ పెద్దనాయనా?" అని నేనడిగితే, "నేను సంతకం పెట్టినంక అండ్ల కూసున్నోళ్ల పానం నా మెడకే గద బిడ్డా! బస్సుకేమెరుక, అది ఇనుము" అన్నాడు. ఆ పండుగనాడు ఏ బస్సూ లోయలో పడలేదు. పేపర్లో ఏమీ రాలేదు. జరగని ప్రమాదం వార్త కాదు గదా! నా దృష్టిలో మాత్రం ముంబాయిలో విమానాన్ని పొట్టమీద దించిన కెప్టెనూ, ఆ సంతకం పెట్టని మెకానిక్కూ ఒకే పంక్తిలో కూర్చోవలసినవాళ్ళు. ఒకరికి దండ పడింది, ఇంకొకరికి బదిలీ పడింది.

అందుకే నేననేది, చెప్పినవాడికి శిక్ష పడని ఏర్పాటు ముందు కావాలి. ఇదేమీ గాలిలో మేడ కాదు. అమెరికాలో 1976 నుంచి పైలట్లు, మెకానిక్కులు, కంట్రోలర్లు తమ కంటపడిన లోపాలనూ, ప్రమాదం తృటిలో తప్పిన సంగతులనూ రాసి పంపే పద్ధతి నడుస్తోంది. ఆ ఉత్తరాలు అందుకునేది నియమాలు అమలు చేసే శాఖ కాదు, నాసా. రాసినవాడి పేరు తీసేసి సంగతి మాత్రం అందరికీ చెబుతారు. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం పదమూడో అనుబంధం కూడా ఇదే అంటుంది: ప్రమాద దర్యాప్తు ఉద్దేశం మళ్ళీ జరగకుండా చూడడమే, నేరం ఎవరిదో తేల్చడం కాదు. మన దేశంలో 2012లో విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరో ఏర్పడింది. దాని నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. అందులో విమానం నంబరు నుంచి విరిగిన పిన్ను దాకా ఉంటాయి. మన సిలబస్‌లో ఎక్కడో అలాంటి నివేదిక ఒక్కటి ఉందా? విరగని దూలాల లెక్కలు వందలు చేయిస్తారు. విరిగిన ఒక్క పిన్ను కథ చెప్పరు.

"లోపం ఎవరిదో వెతకమంటావు, నేరం తేల్చవద్దంటావు, ఇదేం తిరకాసు?" అని ఎవరైనా అడగవచ్చు. తిరకాసేమీ లేదు. ఎవరి చేతిలో ఏం జరిగిందో తెలియాలి, తెలియాలంటే ఆ చెయ్యి భయం లేకుండా నోరు విప్పాలి. తెలిసీ కప్పిపుచ్చినవాడి సంగతి వేరు, వాడికి చట్టం ఉంది. బోల్టు పెట్టడం మరిచినవాడిని ఉరితీస్తే రేపటినుంచి బోల్టులు మరవడం ఆగదు, మరిచామని చెప్పడం ఆగుతుంది.

ఇంతకీ ఈ సంగతులన్నీ మన కాలేజీ సంచికలో ఎందుకు? వచ్చే ఏడాది ఈపాటికి మనలో చాలామంది ఏదో ఒక కాగితంమీద సంతకం పెట్టే ఉద్యోగాల్లో ఉంటాం. కొందరు విమానాలదగ్గర, కొందరు బాయిలర్లదగ్గర, లిఫ్టులదగ్గర, వంతెనలదగ్గర. ఆ సంతకం ఎలా పెట్టాలన్న శిక్షణ అక్కడ మొదలవదు, ఇక్కడే మొదలవుతుంది. మన ల్యాబుల్లో "రీడింగులు వండడం" అనే విద్య ఒకటుందని ఈ కాలేజీలో చదివినవాళ్ళెవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. గ్రాఫు నున్నగా రావాలంటే ఏ అంకె ఎక్కడ పడాలో చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కగట్టే కళ! సీనియర్లు జూనియర్లకు ఆప్యాయంగా నేర్పుతారు. మాష్టార్లు తెలిసీ నవ్వి ఊరుకుంటారు. సరదాగానే ఉంటుంది. కానీ గేజి చూపించిన అంకె వేరు, రికార్డులో పడ్డ అంకె వేరు అన్నప్పుడు చెయ్యికి ఏం అలవాటవుతోందో ఆలోచించండి. ఇవాళ మార్కులకోసం వంగిన చెయ్యి రేపు ఆయిలు ప్రెషరు దగ్గర నిటారుగా నిలబడుతుందా?

పెద్ద పెద్ద సంస్కరణలు చెప్పి చప్పట్లు కొట్టించుకునే ఉద్దేశం నాకు లేదు. మన విద్యార్థి సంఘానికి చిన్న విన్నపం ఒకటే. ప్రతి ల్యాబులోనూ, వర్క్‌షాపులోనూ తలుపు పక్కన మేకుకు ఒక నోటుబుక్కు వేలాడదీద్దాం. అందులో ఏ యంత్రం చెడిందో, ఏ గేజి తప్పు చూపిస్తోందో, ఏ లేతు గార్డు ఊడిందో విద్యార్థి గానీ, అటెండరు గానీ పేరు రాయకుండానే రాయవచ్చు. ఎవరు రాశారని ఎవరూ అడగకూడదు. వారం లోపల దానికెదురుగా శాఖాధిపతిగారు జవాబు రాయాలి, బాగు చేశామనో, డబ్బు లేదనో, అసలు లోపమే లేదనో. ఏ జవాబైనా సరే, రాతలో ఉండాలి. ఏడాది చివర ఆ పుస్తకాలన్నీ తెచ్చి సంఘం సమావేశంలో చదువుదాం. వార్షికోత్సవంలో క్రికెట్‌కు, వక్తృత్వానికి ఇచ్చే కప్పులతోపాటు, ఒక యంత్రాన్ని సకాలంలో ఆపించినవారికి కూడా ఒక కప్పు ఇద్దాం. పేరు చెప్పుకోవడానికి వాళ్ళకు అప్పటికి భయం లేకపోతే!

నోటుబుక్కు ఖరీదు యాభై రూపాయలు మించదు. మేకు వర్క్‌షాపులోనే దొరుకుతుంది.